రంగుల గదికి చట్రమే ప్రాణం

* సొంతంగా స్ప్రే బూత్ నిర్మించుకునే వారికి కొలతలు, లెక్కలు
* గాలి లెక్క తేలాకే ఇనుము కొనాలి
* ఇళ్ల మధ్య షెడ్లలో ఏమరుపాటు తగదు

మధురానగర్: వెండితెరపై ధగధగలాడే సింహాసనానికి ఆ మెరుపు ఏ ఇరుకు షెడ్డులోనో అద్దుతారు. చెక్కతో మలచిన సింహాసనానికి లప్పం పెట్టి, సాన పట్టి, చివరగా కంప్రెషర్ గన్‌తో బంగారు రంగు కొడతారు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్టూడియోలు వెలసిన నాటి నుంచి సినిమా పనివారిలో చాలామంది కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మధురానగర్ పరిసరాల్లోనే స్థిరపడ్డారు. అమీర్‌పేటలోని సారథి స్టూడియో ఇక్కడికి కూతవేటు దూరం. పూర్తిగా హైదరాబాద్‌లోనే చిత్రీకరణ జరుపుకొన్న తొలి తెలుగు చిత్రంగా పేరొందిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో ఆ స్టూడియో నుంచే వచ్చింది. నాటి నుంచి వడ్రంగం, రంగుల పని ఈ ప్రాంతపు జీవనాధారాల్లో భాగమయ్యాయి.

అయితే రంగు కొట్టే చోటు మాత్రం చాలా షెడ్లలో నేటికీ ఓ మూలే. నాలుగు సరుగుడు కర్రలు పాతి, చుట్టూ టార్పాలిన్ కట్టి, ఓ పక్క టేబుల్ ఫ్యాను పెట్టి పని కానిచ్చేస్తుంటారు. దుమ్ము పడి పని పాడవుతోందని కొందరు, పక్కింటి వారు వాసన భరించలేకపోతున్నారని మరికొందరు ఇప్పుడు సొంతంగా స్ప్రే బూత్ కట్టుకునేందుకు ముందుకొస్తున్నారు. ఆలోచన మంచిదే. కానీ వెల్డర్‌ను పిలిచి 'ఇక్కడో డబ్బా కట్టు' అంటే సరిపోదు. చట్రం వేయడానికి ముందే తేల్చుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి. అవి తప్పితే డబ్బు వృథా కావడంతో పాటు ప్రాణాల మీదకు వస్తుంది.

లీటరు థిన్నర్.. గది నిండా ముప్పు

బూత్ దేనికన్న ప్రశ్నకు దుమ్ము పడకుండా అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అది సగం నిజం మాత్రమే. మండే ఆవిరిని ఎప్పటికప్పుడు బయటకు పంపడం దాని అసలు పని. థిన్నర్లలో విరివిగా వాడే టోలిన్ అనే ద్రావకం 4 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిప్పు అంటుకునేంత ఆవిరిని విడుదల చేస్తుంది. హైదరాబాద్‌లో చలికాలం రాత్రి కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. పైగా ఈ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. పైకి పోకుండా నేలనంటి పాకుతుంది. దూరంగా ఉన్న స్విచ్ బోర్డునో, పొయ్యినో చేరి అక్కడ అంటుకుని వెనక్కి మంటను తెస్తుంది.

ఒక లీటరు టోలిన్ పూర్తిగా ఆవిరైతే దాదాపు 235 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో ఈ ఆవిరి వందకు 1.1 పాళ్లు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ లెక్కన ఒక్క లీటరు టోలిన్ సుమారు 21 ఘనపు మీటర్ల గాలిని పేలే మిశ్రమంగా మార్చగలదు. 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, 12 అడుగుల పొడవు గల గదిలో పట్టే గాలి సరిగ్గా అంతే. గాలి ఆడని గదిలో లీటరు డబ్బా ఒలికితే ఏమవుతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

నివాసాల మధ్య మండే ద్రవాలుంటే పరిణామం ఎలా ఉంటుందో నగరం ఇప్పటికే చూసింది. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఓ నివాస భవనం కింది అంతస్తులో చెలరేగిన మంటలు, అక్కడ నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు అంటుకుని పై అంతస్తులను చుట్టుముట్టాయి. కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులు పై అంతస్తుల్లో ఉన్నవారే. కింద జరిగే పనికి మూల్యం పైనున్న వారు చెల్లించాల్సి రావడం ఇలాంటి ప్రమాదాల్లో కనిపించే విషాదం. ఇళ్లున్న భవనం కింద, సెల్లారులో, మెట్ల దారి పక్కన స్ప్రే బూత్ ఆలోచనే చేయరాదు.

ముందు గాలి.. తర్వాతే గోడ

చట్రం కొలతలను నిర్ణయించేది గాలి. మనిషి లోపల నిలబడి గన్‌తో రంగు కొట్టే బూత్‌లో గాలి నిమిషానికి దాదాపు 100 అడుగుల వేగంతో ఒకే దిశలో సాగాలన్నది పరిశ్రమల్లో పాటించే లెక్క. బూత్ వెడల్పును ఎత్తుతో హెచ్చించి, దాన్ని 100తో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగాలో తెలుస్తుంది.

ఉదాహరణకు 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుంటే 64 చదరపు అడుగులు. అంటే నిమిషానికి 6,400 ఘనపుటడుగులు. 12 అడుగుల పొడవున్న బూత్‌లోని గాలి మొత్తం ఏడు సెకన్లకోసారి మారిపోతుందన్న మాట. నిమిషానికి 200 మిల్లీలీటర్ల ద్రావకం ఆవిరవుతున్నా, ఇంత గాలిలో కలిస్తే అది పేలే స్థాయిలో నలభయ్యో వంతుకు పడిపోతుంది. బూత్ ఇచ్చే రక్షణ ఇదే. ఇంటి వంటగదిలో వాడే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను దీనికి ఏమాత్రం చాలదు. అంగుళం నీటి మట్టం ఒత్తిడి వద్ద ఇంత గాలి లాగాలంటే రెండు అశ్వశక్తి దరిదాపుల్లో మోటారు కావాలి.

లాగే గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలామంది మరిచే అంశం. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న షెడ్డులో ఉండేది 3,000 ఘనపుటడుగుల గాలి మాత్రమే. షట్టరు దించి ఫ్యాను వేస్తే అర నిమిషంలో అంత గాలీ లాగేయాలి. లోనికి వచ్చే దారి లేకపోతే ఫ్యాను రొద పెడుతుందే తప్ప గాలి కదలదు. షెడ్డుకు ధారాళంగా గాలి వచ్చే కిటికీలు, షట్టర్లు ఉన్నాయో లేదో ముందుగానే చూసుకోవాలి.

ఎంత స్థలం ఉండాలి?

8 అడుగులు, 12 అడుగుల బూత్‌కు నేలపై పట్టేది 96 చదరపు అడుగులే. అయితే చుట్టూ మూడేసి అడుగుల ఖాళీ వదలాలి. అతుకుల్లో చేరిన రంగు పొడిని శుభ్రం చేయడానికి, నిప్పు పుడితే చేరుకోవడానికి ఆ ఖాళీ అవసరం. అలా చూస్తే 14 అడుగులు, 18 అడుగులు.. మొత్తం 252 చదరపు అడుగులు, అంటే 28 గజాలు. వంద గజాల స్థలంలో నాలుగో వంతు కంటే ఎక్కువే దీనికి పోతుంది. ఆ ఖాళీలో చెక్కలు, డబ్బాలు పేర్చితే వదిలిన ప్రయోజనం ఉండదు.

లోపల వస్తువు చుట్టూ మనిషి గన్‌తో తిరగడానికి రెండున్నర అడుగులైనా ఉండాలి. కాబట్టి ఈ బూత్‌లో మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు వరకు ఉన్న కుర్చీలు, బల్లలు, ద్విచక్ర వాహనాల విడిభాగాలకు హాయిగా రంగు వేయవచ్చు. తలుపు రెక్కలను నిలబెట్టి కొట్టుకోవచ్చు. కారు మాత్రం పట్టదు. దానికి ఇంతకు రెట్టింపు పొడవున్న బూత్ కావాలి. ఏం పని వస్తుందో తేల్చుకోకుండా కొలత నిర్ణయిస్తే తర్వాత చింతించాల్సి వస్తుంది.

ఎత్తు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పదడుగుల శ్లాబు కింద ఎనిమిది అడుగుల బూత్ నిలిపితే పైన మిగిలేది రెండడుగులే. దీపాలు, పొగగొట్టం వంపు అందులోనే సర్దుకోవాలి.

కర్ర వద్దు.. ఇనుమే మేలు

సినిమా సెట్లు వేసే చేతులకు సరుగుడు కర్రలు, ప్లైవుడ్‌తో చట్రం కట్టడం వెన్నతో పెట్టిన విద్య. రెండు రోజుల్లో రాజప్రాసాదం లేపగలరు. కానీ సెట్టు అవసరం కొద్ది రోజులే. బూత్ ఏళ్ల తరబడి నిలవాలి, అదీ మండే పొడి, ఆవిరి నడుమ. కర్ర, ప్లైవుడ్, థర్మాకోల్, ప్లాస్టిక్ పట్టాలు ఇందుకు పనికిరావు. మండని వస్తువునే వాడాలి. ఉక్కు, ఇటుక, కాంక్రీటు మేలు.

చిన్న బూత్‌కు 40 మిల్లీమీటర్ల చదరం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎంఎస్ స్క్వేర్ పైపు సరిపోతుంది. మీటరుకు సుమారు 2.3 కిలోలు తూగుతుంది. గోడలకు 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల జీఐ రేకు వాడాలి. పలుచని రేకు చవకే అయినా ఫ్యాను వేయగానే దడదడలాడుతుంది, అతుకులు వదులవుతాయి.

ఇక్కడ ఓ కీలకమైన సూత్రం ఉంది. చట్రం బయట, రేకు లోపల. ఇంటి గోడకు మాదిరిగా పైపులు లోపలికి కనిపించేలా కడితే ప్రతి అడ్డపట్టీ మీదా రంగు పొడి పేరుకుంటుంది. అది మండే సరుకే. పైగా తడి రంగు మీద రాలి పని చెడగొడుతుంది. లోపలి గోడ నున్నగా, తుడవడానికి వీలుగా ఉండాలి. స్క్రూల తలలు, అతుకుల అంచులు కూడా లోపలికి పొడుచుకు రాకూడదు.

పది పైపుల లెక్క

జీఐ రేకు 8 అడుగులు, 4 అడుగుల కొలతలో దొరుకుతుంది. బూత్ కొలతలను 4 అడుగుల గుణిజాల్లో పెట్టుకుంటే రేకు కోయాల్సిన పని ఉండదు. మన ఉదాహరణలో ఒక్కో పక్క గోడకు మూడు రేకులు నిలువుగా, పైకప్పుకు మూడు అడ్డంగా.. వీటికి మొత్తం తొమ్మిది రేకులు చాలు. ఒక్కో రేకు 28 కిలోలు. అన్నీ కలిపి దాదాపు 250 కిలోలు.

రేకు అతుకు పడే ప్రతిచోటా వెనక ఓ స్తంభం ఉండి తీరాలి. అందుకే నాలుగు అడుగులకో స్తంభం. చట్రానికి కావాల్సిన ముక్కలు ఇవీ..

* పక్క గోడల పొడవునా పైన, కింద: 12 అడుగులవి 4
* నిలువు స్తంభాలు పక్కకు నాలుగు చొప్పున: 8 అడుగులవి 8
* పైకప్పు దూలాలు నాలుగడుగులకొకటి: 8 అడుగులవి 4
* దూలాల మధ్య రేకు కుంగకుండా అడ్డపట్టీలు: 8 అడుగులవి 3
* వెనక గోడ అడుగున: 8 అడుగులది 1
* స్తంభాల మధ్య, నడుము ఎత్తున: 4 అడుగులవి 6

మొత్తం సరిగ్గా 200 అడుగులు. ముందు భాగంలో అడుగున పైపు వేయకపోవడం పొరపాటు కాదు. చక్రాల బల్ల తగలకుండా లోనికి రావడానికి ఆ దారి వదలాలి. 20 అడుగుల పైపులు పది తెచ్చి, నాలుగింటిని 12, 8 అడుగుల చొప్పున, మిగిలిన ఆరింటిని 8, 8, 4 అడుగుల చొప్పున కోస్తే ముక్క కూడా మిగలదు. స్తంభాలు, దూలాలు పొడవు పైపుల మధ్య ఇమడాలి కాబట్టి వాటిని చివర పైపు మందం మేర తగ్గించాలి. రంపం కోతకు పోయేది అందులోనే కలిసిపోతుంది. చట్రం బరువు సుమారు 140 కిలోలు.

కొనేటప్పుడు ఓ మెలిక గమనించాలి. అంగళ్లలో 20 అడుగుల పైపు, 6 మీటర్ల పైపు రెండూ ఉంటాయి. ఆరు మీటర్లది దాదాపు నాలుగు అంగుళాలు పొట్టి. అది తెస్తే పై లెక్క కుదరదు. పదికి బదులు పన్నెండు పైపులు తీసుకోవాలి. టేపు పెట్టి కొలిచాకే బేరం కుదుర్చుకోవాలి.

ఫిల్టర్ కొలతే వెనక గోడ కొలత

వెనక నుంచి రెండడుగులు వదిలి, అంటే పదో అడుగు వద్ద పైకప్పు అడ్డపట్టీ కింద ఫిల్టర్ల గోడ వస్తుంది. దాని వెనక రెండడుగుల ఖాళీ గది ఉండాలి. ఆ ఖాళీ లేకుండా ఫిల్టర్ వెనకే ఫ్యాను బిగిస్తే గాలి దాని ఎదురుగా ఉన్న చోటు నుంచే వస్తుంది. మూలల్లో రంగు పొగ కదలకుండా నిలిచిపోతుంది.

రంగు తుంపరలను పట్టే ఫిల్టర్లు 20 అంగుళాల చదరంగా దొరకడం సాధారణం. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు. అడ్డంగా నాలుగు ఫిల్టర్లకు 80 అంగుళాలు, వాటిని నిలిపే అంగుళం పట్టీలు, పక్కల మూతలు పోను సరిపోతుంది. ఐదు పట్టవు. నాలుగు వరసల్లో నాలుగేసి చొప్పున పదహారు ఫిల్టర్లు పెడితే 44 చదరపు అడుగుల వైశాల్యం వస్తుంది. వాటి గుండా గాలి నిమిషానికి 144 అడుగుల వేగంతో సాగుతుంది. గాజునార ఫిల్టర్లకు ఇది ఇబ్బంది లేని వేగం.

కాగితం మీద గీసేటప్పుడు పట్టీల మందం మరచిపోవడం తరచూ జరిగే పొరపాటు. పదడుగుల వెడల్పు బూత్‌లో 20 అంగుళాలవి ఆరు పడతాయని లెక్కవేసి, వెల్డింగ్ పూర్తయ్యాక ఐదే పట్టాయని తల పట్టుకుంటారు. ఆరు పెట్టాలంటే వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు ఉండాలి. అందుకే ముందు ఫిల్టర్లు తెచ్చి నేలపై పేర్చి కొలిచి, ఆ తర్వాతే చట్రం గీసుకోవాలి.

ముందు వైపు నాలుగేసి అడుగుల వెడల్పున్న రెండు తలుపు రెక్కలు పెట్టి, ఒక్కోదానిలో ఎనిమిది ఫిల్టర్లు అమర్చితే లోనికి వచ్చే గాలి కూడా శుభ్రపడుతుంది. ముందు నుంచి వెనక్కి గాలి సూటిగా సాగుతుంది. తలుపుల బరువు మోసే ముందు స్తంభాలు రెండూ 50 మిల్లీమీటర్ల చదరంవి, 3 మిల్లీమీటర్ల మందంవి వేస్తే కొన్నాళ్లకు తలుపు కుంగి నేలను రాసుకునే బాధ తప్పుతుంది.

గోడను లాగే గాలి

బూత్‌కు గాలి భారం ఏముంటుందిలే అనుకోవడం సరికాదు. ముందు ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోయినప్పుడు లోపలి ఒత్తిడి బయటి కంటే అర అంగుళం నీటి మట్టం మేర తగ్గవచ్చు. వినడానికి స్వల్పమే. లెక్క కడితే చదరపు మీటరుకు దాదాపు 12.7 కిలోలు. ఒక్కో రేకు మీద 38 కిలోల బరువు లోపలికి నెట్టినట్టు. నడుము ఎత్తున వేసే అడ్డపైపు ఈ ఒత్తిడిని ఆపడానికే.

మనిషి బయటపడేందుకు పక్క గోడలో విడిగా మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న చిన్న తలుపు తప్పనిసరి. అది వచ్చే గడిలో నడుము పైపును తలుపు పైకి జరిపి బిగించాలి. తలుపు బయటికే తెరుచుకోవాలి. అర అంగుళం ఒత్తిడి తేడా ఉంటే ఆ తలుపు మీద 23 కిలోల భారం పడుతుంది. పిడి వద్ద 11, 12 కిలోల బలంతో నెడితే తప్ప రాదు. మంటల్లో ఉన్నవారికి గడియ వెతికే సమయం ఉండదు. నెడితే తెరుచుకునే బంతి పట్టు చాలు, గడియ వద్దు. ఒత్తిడి ఆ స్థాయికి చేరకముందే ఫిల్టర్ మార్చాలి.

చట్రాన్ని నేలకు బోల్టులతో బిగించే ముందు మూలమట్టం చూసుకోవాలి. మేస్త్రీలు వాడే 3, 4, 5 అడుగుల లెక్క ఇక్కడా పనికొస్తుంది. చివరగా కర్ణాలు కొలవాలి. 8, 12 అడుగుల చట్రానికి రెండు కర్ణాలూ 14 అడుగుల 5 అంగుళాలు రావాలి. రెండింటికీ తేడా ఉంటే చట్రం ఓరగా ఉన్నట్టే. తలుపులు సరిగా మూసుకోవు, సందుల్లోంచి దుమ్ము వస్తుంది. పక్క గోడల్లో ఒక్కో గడికి ఏటవాలు పట్టీ వేస్తే చట్రం ఊగదు.

అద్దె షెడ్లలో ఉన్నవారు వెల్డింగ్‌కు బదులు నాలుగడుగుల పలకలుగా చేసుకుని బోల్టులతో బిగించుకోవడం మంచిది. షెడ్డు ఖాళీ చేయాల్సి వస్తే విప్పి పట్టుకుపోవచ్చు. అతుకుల్లో మండని సీలెంట్ పూయాలి.

మేడ మీద కుదరదు

స్థలం చాలక మేడ మీద రేకుల షెడ్డు వేసి అక్కడ బూత్ పెడదామనుకునే వారూ ఉన్నారు. షెడ్డు లోపల ఉండే బూత్ మోసేది చదరపు మీటరుకు 13 కిలోల ఒత్తిడి మాత్రమే. బయట పెడితే ఈదురుగాలి తోడవుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం కట్టడాల రూపకల్పనకు హైదరాబాద్‌లో గాలి వేగాన్ని సెకనుకు 44 మీటర్లుగా తీసుకుంటారు. ఆ వేగానికి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే తొమ్మిది రెట్లు. పైన చెప్పిన చట్రం దానికి ఆగదు. తలుపులు, ఫ్యాను కలిపితే బూత్ బరువు అర టన్ను దాటవచ్చు. ఇంజినీరుతో లెక్క కట్టించకుండా శ్లాబు మీద పెట్టరాదు. మంట పుడితే మెట్ల మీదుగా దిగడం కష్టమన్నది మరో ముప్పు.

నిప్పురవ్వకు తావివ్వొద్దు

చట్రం గీసేటప్పుడే విద్యుత్తు దారులు నిర్ణయించాలి. దీపాలు బూత్ లోపల ఉండరాదు. పైకప్పులోనో, పక్కనో గట్టి గాజు పలకలు బిగించి, వాటి బయట నుంచి వెలుగు పడేలా చేయాలి. ఆ గాజుకు తగిన గడి చట్రంలో ముందే వదలాలి. తర్వాత రేకు కోస్తే బలం పోతుంది.

* స్విచ్‌లు, ప్లగ్గులు, కంప్రెషర్ అన్నీ బూత్‌కు దూరంగా ఉండాలి.
* ఫ్యాను మోటారు గాలి దారిలో ఉండకూడదు. బెల్టుతో తిరిగే ఫ్యాను లేదా నిప్పురవ్వ బయటపడని మోటారు వాడాలి. రెక్కలు అల్యూమినియం వంటి రవ్వ రాలని లోహంవై ఉండాలి.
* ఫ్యాను తిరగనిదే గన్‌కు గాలి రాకుండా కంప్రెషర్ లైనును దానితో ముడిపెట్టాలి.
* చట్రాన్ని, రంగు కొట్టే లోహపు వస్తువును ఎర్త్ తీగతో కలపాలి. గన్ నుంచి దూసుకొచ్చే రంగు తుంపరల వల్ల స్థిర విద్యుత్తు పుడుతుంది.
* వెల్డింగ్, గ్రైండింగ్ పనులన్నీ రంగు డబ్బా లోనికి రాకముందే ముగించాలి. తర్వాత మరమ్మతు అవసరమైతే ముందు బూత్‌ను పూర్తిగా శుభ్రం చేయాలి.
* డ్యూకో రంగులు, నూనె రంగులు ఒకే బూత్‌లో వాడితే మధ్యలో ఫిల్టర్లు మార్చి, గోడలు తుడవాలి. ఆ రెండింటి పొడి కలిస్తే దానంతట అదే వేడెక్కి రాజుకునే ప్రమాదం ఉంది. నూనె రంగు తుడిచిన గుడ్డలను మూతున్న ఇనుప డబ్బాలో వేయాలి.

పొగగొట్టం వెనక గోడ నుంచి నేరుగా పక్కింటి కిటికీ వైపు తెరుచుకోకూడదు. 24 అంగుళాల వ్యాసమున్న రేకు గొట్టంలో 6,400 ఘనపుటడుగుల గాలి నిమిషానికి 2,000 అడుగుల వేగంతో సాగుతుంది. దాన్ని షెడ్డు కప్పు దాటించి నిటారుగా పైకి వదిలితే ఆవిరి పలచబడి పోతుంది. గొట్టం బరువును చట్రం మీద మోపకుండా వేరే ఆధారం ఇవ్వాలి.

ఊపిరితిత్తులకు రక్ష

బూత్ కట్టుకున్నంత మాత్రాన మాస్కు అక్కర్లేదనుకోవడం ప్రమాదకరం. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ రంగుల గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి. వీటి వల్ల వచ్చే ఉబ్బసం ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరి తగిలినా తిరగబెడుతుంది. చేతిలో పని ఉన్న పెయింటరు ఏకంగా వృత్తినే వదులుకోవాల్సి వస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఇది ఆగదు. బయటి నుంచి గొట్టం ద్వారా స్వచ్ఛమైన గాలి అందించే మాస్కే ఈ రంగులకు సరైనది. ఆ గొట్టం లోనికి వచ్చే రంధ్రం కూడా చట్రం నక్షాలో ఉండాలి.

వర్షాకాలంలో డ్యూకో రంగు తెల్లబారడం పెయింటర్లందరికీ తెలిసిన తలనొప్పి. ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడినప్పుడు గాలిలోని తేమ రంగులో చేరడమే దీనికి కారణం. బూత్ దుమ్మును ఆపుతుందే తప్ప తేమను ఆపలేదు. ముసురు పట్టిన రోజు నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడటమో, పని వాయిదా వేయడమో మేలు.

అనుమతి, ఇరుగుపొరుగు

నివాస ప్రాంతంలో స్ప్రే పెయింటింగ్ వ్యాపారంగా చేయాలంటే స్థల వినియోగ నిబంధనలు అంగీకరించాలి. పురపాలక వ్యాపార లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి, అగ్నిమాపక శాఖ నిబంధనల సంగతి ఇనుము కొనడానికి ముందే తెలుసుకోవాలి. అన్నీ కట్టాక తొలగించమంటే పెట్టుబడి అంతా నీటిపాలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రెండు అశ్వశక్తి ఫ్యాను రొద దీన్ని సులువుగా దాటేస్తుంది. షూటింగ్ తెల్లవారితే ఉందని రాత్రంతా ఫ్యాను నడిపితే ఫిర్యాదు రావడం ఖాయం.

అనుమతి కుదరని చోట కొందరు వృత్తిదారులు కలిసి పారిశ్రామిక వాడలో ఒకే బూత్‌ను ఉమ్మడిగా పెట్టుకోవడం ఉత్తమం. వంతులవారీగా వాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, ఇళ్ల మధ్య ముప్పూ తప్పుతుంది. చిన్న పరిశ్రమల వారికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ నిమ్స్‌మే 1962 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. దాని ప్రాంగణం యూసుఫ్‌గూడలోనే ఉంది. కొత్తగా కార్ఖానా పెట్టాలనుకునే యువకులు అక్కడి శిక్షణ కార్యక్రమాల గురించి వాకబు చేయవచ్చు.

చివరగా ఒక మాట. బూత్ పూర్తయిన రోజు రంగు డబ్బా తెరవకముందు ఓ చిన్న పరీక్ష చేయాలి. ఫ్యాను వేసి, తలుపులు మూసి, సన్నని దారం ముక్కను కర్రకు కట్టి లోపల నాలుగు మూలలా పట్టుకుని చూడాలి. ప్రతి మూలలోనూ దారం వెనక గోడ వైపే వాలితే చట్రం, గాలి రెండూ కుదిరినట్టు. ఎక్కడైనా దారం వేలాడినా, వెనుదిరిగినా అక్కడ ఆవిరి నిలిచిపోతుందన్న మాటే. ఆ లోపం సరిదిద్దాకే గన్ చేతబట్టాలి.